నామినీ పేరు రాశారు సరే, వీలునామా ఏది?

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్లం, నెల్లూరులో భార్యాభర్తల్లాగే కలిసి ఉంటున్నాం. ఫ్లాట్, లోన్ నా పేరున ఉన్నాయి, ఈఎంఐలో సగం తను నా అకౌంట్‌కి పంపుతుంది. అన్నిట్లో నామినీ తనే. రేపు నాకేమన్నా అయితే ఇల్లు తనకే వస్తుంది కదా?

జవాబు: రాదండీ. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప వారసురాలు కాదు, ఎల్‌ఐసీ పాలసీల కేసులో సుప్రీంకోర్టు 1983లోనే ఆ మాట చెప్పింది. 2015 నుంచి ఇన్సూరెన్సు డబ్బు పూర్తిగా దక్కే నామినీలంటే భర్త లేదా భార్య, పిల్లలు, అమ్మానాన్నలు. మీరు హిందువులైతే, పెళ్లికాని మీ ఆస్తి వీలునామా లేకుంటే ముందు అమ్మానాన్నలకు, వాళ్లు లేకపోతే నాన్న వారసులకు, అంటే కావలిలోనో కందుకూరులోనో ఉన్న తమ్ముడికి పోతుంది. ఇంతకాలం ఈఎంఐ కట్టిన మనిషికి అందులో చోటే లేదు.

2018లో స్వలింగ సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టే, 2023 అక్టోబర్ 17న పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకోనిచ్చే 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టాన్ని తాము మార్చలేమని, అది పార్లమెంటు పని అని చెప్పింది. పెళ్లి హక్కు కోరుతూ ఆ కేసు వేసిన పిటిషనర్ల వాదన మాత్రం నాకు గట్టిదిగానే కనిపిస్తుంది: మీ పక్కన ఉన్నది మగవాడైతే వచ్చేవన్నీ ఆడమనిషి కాబట్టి రాకపోతే అది లింగ వివక్షే, అంటే రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే ఆర్టికల్ 14, 15 దెబ్బతిన్నట్టే, తోడును ఎంచుకుని గౌరవంగా బతకడం జీవించే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21లోదే. లెక్కల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. భర్త భార్యకు ఐదు లక్షలు ఇస్తే గిఫ్టు మీద పన్ను లేదు, మీ తోడు ఏడాదిలో మీకు యాభై వేలు దాటి ఊరికే ఇస్తే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. దీని మీదే ఒక జంట 2025లో బాంబే హైకోర్టుకు వెళ్లింది.

కోర్టుల కోసం కూర్చుంటే మీ టెన్షన్ తీరదు కాబట్టి ముందు వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు, తను మాత్రం సాక్షిగా వద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ అసలు లేదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించేయండి, ఇంట్లోవాళ్లు గొడవ పెట్టుకునే కేసుల్లో అదే కాపాడుతుంది. తను పంపే డబ్బు మీకిచ్చిన అప్పుగా రాసుకుంటారా, తననూ ఫ్లాట్‌లో వాటాదారుగా చేరుస్తారా తేల్చుకోండి. చేర్చాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, స్టాంపు ఖర్చూ ఉంటుంది.

జాయింట్ అకౌంట్ తెరవడానికి, తోడును నామినీగా పెట్టడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది, కౌంటర్లో ఎవరైనా వింతగా చూస్తే ఆ మాట చెప్పండి. పీఎఫ్ మాత్రం వేరు: మీ మీద ఆధారపడిన అమ్మానాన్న ఉంటే బయటివాళ్ల నామినేషన్ చెల్లదు, అందులో తన పేరు ఉందని ధీమాగా ఉండకండి.

తన పేరున ఏ కొంచెం ఉన్నా తనూ వీలునామా రాయాలి. ఇద్దరూ కలిపి ఒకటే రాయొద్దు, విడివిడిగా రాసుకోండి.