వైకింగ్ ప్రేమకథ నచ్చితే నాలో ఏదో తేడా ఉన్నట్టేనా?

ప్రశ్న: మేం డబ్లిన్‌లో ఉంటాం. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఒక పాప. ఇక్కడి తెలుగు ఆడవాళ్లం కొందరం నెలకో ఇంగ్లిష్ నవల చదివి, కలిసి మాట్లాడుకుంటాం. ఈసారి వైకింగ్‌ల (వెయ్యేళ్ల కిందట ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి దోపిడీలు చేసినవాళ్లు) కాలం నాటి ప్రేమకథ వచ్చింది. ఐర్లండ్ తీరం నుంచి తనని ఎత్తుకుపోయిన నాయకుడినే ఆ అమ్మాయి చివరికి ప్రేమిస్తుంది. ఆమె నోరు విప్పి మాట్లాడే రోజు కోసం అతను ఏడాదంతా ఓపిగ్గా ఎదురుచూస్తాడు. అక్కడ నేను ఏడ్చేశాను. అదే మాట అందరితో చెప్పాను. ఒకావిడ కథలో వైకింగ్‌లకి పెట్టిన కొమ్ముల టోపీ చూసి నవ్వింది, ఇంకొకావిడ వైకింగ్ వంటింట్లో బంగాళదుంపల కూర ఏంటని ఆటపట్టించింది. మా వదిన (మా ఆయనకి అక్క) మాత్రం ‘ఎత్తుకుపోయినవాణ్ని ప్రేమించడమా? ఇలాంటివి నచ్చేవాళ్లకి ఆత్మగౌరవం ఉండదు’ అని అందరి ముందూ అన్నారు. తర్వాత మా ఆయనకి ఫోన్ చేసి ‘నీ పెళ్లాం ఏం చదువుతోందో కాస్త చూసుకో’ అన్నారట. ఆయన నవ్వుతూనే నా కిండిల్ తెరిచి చూశారు. ‘నాలో ఏం తక్కువైంది?’ అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ‘ఏం లేదు’ అన్నాను. అప్పటినుంచి చదవడమూ మానేశాను, వెళ్లడమూ మానేశాను. నిజంగానే నాలో ఏదైనా లోపం ఉందా?

సమాధానం: లోపం ఏమీ లేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కథ చదివి ఏడ్చినందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

అలాగని మీ వదినగారి మాటని పూర్తిగా కొట్టిపారేయలేను. పుస్తకం గురించి ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. మీరుండే చోటే చూడండి. వారాంతాల్లో పిల్లల్ని తీసుకుని సముద్రం చూడ్డానికి వెళ్లే హోత్ ఉంది కదా. 821లో వైకింగ్‌లు అక్కడ దోపిడీ చేసి చాలామంది ఆడవాళ్లని చెరపట్టి తీసుకుపోయారని ఐర్లండ్ పాత చరిత్ర గ్రంథాల్లో రాసి ఉంది. ఒక్క వాక్యమే. వాళ్లెవరో, తర్వాత ఏమయ్యారో లేదు. ఇరవై ఏళ్లకి, 841లో, వైకింగ్‌లు డబ్లిన్ నది ఒడ్డున ఓడల స్థావరం కట్టుకున్నారు. తర్వాతి కాలంలో అదే ఊరు పశ్చిమ ఐరోపాలోని పెద్ద బానిసల సంతల్లో ఒకటైంది. ఐస్‌లాండ్ ప్రజల జన్యువులని పరిశీలించిన శాస్త్రవేత్తలకి ఇంకో సంగతి తెలిసింది. వైకింగ్‌ల కాలంలో అక్కడ మొదట స్థిరపడిన మగవాళ్లలో ఎక్కువమంది నార్వే వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆడవాళ్లలో సగానికి పైగా ఐర్లండ్, స్కాట్లండ్ వైపు వాళ్లు. వాళ్లలో ఇష్టపడి ఓడెక్కినవాళ్లెందరో, బలవంతంగా ఎక్కించినవాళ్లెందరో మనం ఊహించుకోవాల్సిందే. ఇదంతా తెలిసిన మనిషికి అలాంటి ప్రేమకథ చదువుతుంటే ఒళ్లు మండటంలో వింత లేదు.

మీ నవలలో నోరు విప్పని అమ్మాయి ఉంది కాబట్టి ఒక పాత కథ చెబుతాను. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన లాక్స్‌డేలా సాగాలోది (సాగా అంటే అక్కడి పాత గాథ). హోస్కుల్డ్ అనే పెద్ద రైతు ఇప్పటి స్వీడన్ తీరంలోని ఒక ద్వీపంలో జరిగే సంతకి వెళ్తాడు. అక్కడ ఒక వర్తకుడి డేరాలో పన్నెండు మంది ఆడవాళ్లు అమ్మకానికి కూర్చుని ఉంటారు. చివర్లో కూర్చున్న ఒకామె ధర మిగతావాళ్లకి మూడింతలు, మూడు మార్కుల (మార్కు అప్పటి ఒక తూకం) వెండి. ఆమెకి మాటలు రావని వర్తకుడు ముందే చెబుతాడు. హోస్కుల్డ్ వెండి తూచి ఇచ్చి ఆమెని కొనుక్కుంటాడు. ఆ రాత్రే తన పక్కలో చేర్చుకుంటాడు. ఏడాది ఆగడం కాదు, ఒక్క రోజు కూడా ఆగడు. ఇంటికి తీసుకొస్తాడు, ఇంట్లో భార్య యోరున్ ఉంటుంది. ఆ అమ్మాయికి కొడుకు పుడతాడు, వాడికి మాటలొస్తాయి, ఆమె మాత్రం నోరు విప్పదు. ఒక ఉదయం హోస్కుల్డ్ బయటికి వెళ్తే వాగు పక్కన ఎవరో మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తుంది. చూస్తే తల్లి కొడుకుతో కబుర్లు చెబుతోంది! అప్పుడు బయటపడుతుంది ఆమె పేరు మెల్‌కోర్కా అని, ఐర్లండ్‌లో ఒక రాజు కూతురని, పదిహేనో ఏట చెరపట్టారని. ఆ తర్వాత ఒకరోజు యోరున్ ఆమెని మేజోళ్లతో కొడుతుంది. మెల్‌కోర్కా ఊరుకోదు, తిరిగి ముక్కు మీద ఒక్కటిస్తే రక్తం కారుతుంది. ఈ గొడవ పడలేక హోస్కుల్డ్ ఆమెకి వేరే పొలం, ఇల్లు ఇచ్చి పంపేస్తాడు. కొడుకు ఒలాఫ్ పెద్దవాడయ్యాక వాడిని ఐర్లండ్‌కి, తన తండ్రి దగ్గరికి పంపాలని ఆమె పట్టుబడుతుంది. ప్రయాణానికి సరుకు ఇచ్చే మనిషిని చూసుకుని, హోస్కుల్డ్ ఊళ్లో లేనప్పుడు అతన్ని పెళ్లి కూడా చేసుకుంటుంది.

సాగాలో ఆమె ఆ ఇంట్లో దాచుకోగలిగింది తన గొంతు ఒక్కటే. అన్నేళ్లూ దాన్ని కొడుక్కి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. మీ నవలేమో అదే మౌనాన్ని తీసుకుని, దాని ముందు ఓపిగ్గా కూర్చునే మగవాణ్ని పెట్టింది. చరిత్రగా అది అబద్ధం కావచ్చు. కానీ మీరు ఏడ్చింది ఎక్కడో ఒకసారి చూసుకోండి. ఓడ మీదికి ఎత్తుకుపోయినప్పుడా? కాదు. ఆమె మాట కోసం అతను ఎదురుచూసినప్పుడు. ‘ఎత్తుకుపోయినవాడు నచ్చాడు’ అని వదినగారు అన్నది ఇక్కడే గురి తప్పింది. మీకు నచ్చింది ఎదురుచూసినవాడు.

ప్రేమ నవల చదివేవాళ్లకి ముగింపు మొదటి పేజీలోనే తెలుసు. కథానాయికకి ఏం కాదని తెలుసు కాబట్టే ఆ భయాన్ని ఇంట్లో సోఫాలో కూర్చుని అనుభవించగలం. హోత్ నుంచి తీసుకుపోయిన ఆడవాళ్లకి అలాంటి భరోసా లేదు. ఈ తేడా మీకు తెలియదనుకోవడం మిమ్మల్ని చిన్నపిల్లని చేయడమే. అయినా మన తెలుగు వారపత్రికల్లో సీరియళ్లు చదివిన తరాన్ని చూడండి. కారు దిగి, చిటపటలాడి, చివరి భాగంలో కరిగిపోయే పొగరుబోతు హీరోల కోసం ఎంతమంది అమ్మలు గురువారం దాకా వేచి చూశారు! వాళ్లంతా ఇంట్లో అలాంటి మొగుడే కావాలని కోరుకున్నారా? పాపం, చాలామందికి అప్పటికే ఒకడు ఉండేవాడు.

అమెరికాలో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు ప్రేమ నవలలు చదివే గృహిణుల్ని కలిసి, వాళ్లతో మాట్లాడి, 1984లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్లు చెప్పిన రెండు సంగతులు మీకు పనికొస్తాయి. చదివే ఆ కాసేపూ మొగుడూ పిల్లలూ ఎవరూ అడ్డురాని తమ సొంత సమయం అన్నారు. హీరోలో తమకి బాగా నచ్చేది కథానాయికని అతను శ్రద్ధగా చూసుకోవడమే అన్నారు. ఆమెని హింసించే హీరోలున్న పుస్తకాలని వాళ్లూ తిట్టిపోశారు. అంటే వదినగారిలాంటి పాఠకులూ, మీలాంటి పాఠకులూ ఒకే మనిషిలో ఉంటారు.

ఇక ఇంటి సంగతి. మీ ఆయన ‘నాలో ఏం తక్కువైంది?’ అంటే మీరు ‘ఏం లేదు’ అన్నారు. ఆ జవాబు ఆయనకి ఊరట ఇవ్వదు, మీకు దారి చూపదు. అక్క ఫోన్ చేసి భార్య గురించి అలా అంటే ఏ మగవాడికైనా లోపల కాస్త గుచ్చుకుంటుంది. నవ్వు వెనక అదే ఉండొచ్చు. మీ ఆయన మీ మాట వింటారో వినరో ఉత్తరంలో రాయలేదు, నేను ఊహించి చెప్పను. మీరే ఒక వారం గమనించండి. వింటున్నారనిపిస్తే అదే చెప్పండి: ‘ఆ కథలో అతను ఆమె మాట కోసం ఎదురుచూశాడు, నాకు మీరు గుర్తొచ్చారు’ అని. వినడం లేదనిపిస్తే పుస్తకాన్ని మధ్యలోకి లాగకండి. పాప పడుకున్నాక ‘రోజూ అరగంట ఫోన్ పక్కన పెట్టి నాతో మాట్లాడండి’ అని సూటిగా అడగండి. వైకింగ్‌ని తెచ్చి మొగుడితో పోలిస్తే ఆయన వైకింగ్‌తోనే పోట్లాడతారు, మీరు అడిగింది పక్కకి పోతుంది.

కిండిల్ తెరిచి చూడటం ఒకసారి, నవ్వులాటగా జరిగితే ‘అడిగి తీసుకోండి’ అని చెప్పి వదిలేయండి. అదే అలవాటై, ఏం చదివావు, ఎవరితో మాట్లాడావు, ఎక్కడికి వెళ్లావు అనే ఆరా మొదలైతే అది నవల గొడవ కాదు. భార్యని లేదా భర్తని అదుపులో పెట్టుకుని భయపెడుతూ బతికించడం ఐర్లండ్‌లో 2019 నుంచి నేరం. అలాంటి ఆడవాళ్లకి సాయం చేసే విమెన్స్ ఎయిడ్ అనే సంస్థ కూడా అక్కడ ఉంది. మీ ఉత్తరంలో నాకు అంత దూరం కనిపించలేదు. తెలిసి ఉండటం మంచిదని రాశాను.

వదినగారితో మాత్రం మాట్లాడాల్సిందే, అదీ మీరే. మీ ఆయన చేత చెప్పించకండి, అక్కాతమ్ముళ్ల మధ్యకి వెళ్లిన మాట ఇంకో రూపంలో తిరిగొస్తుంది. పరాయి దేశంలో తమ్ముడి కాపురానికి తనే కాపలా అనుకునే అక్కలు ఉంటారు. ఆవిడ ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు, చేసిన పని మాత్రం తప్పు. ఇంటికి పిలిచి, టీ ఇచ్చి చెప్పండి: ‘వదినా, పుస్తకం మీద మీతో ఎంతసేపైనా వాదిస్తాను. మీరన్నదాంట్లో నిజం ఉంది కూడా. కానీ అందరి ముందూ నా ఆత్మగౌరవం గురించి అనడం, ఆయనకి ఫోన్ చేయడం నాకు బాధ కలిగించాయి. నా మీద ఏదైనా ఉంటే నాతోనే అనండి.’ ఇంతకంటే పొడిగించకండి. ఆవిడ వెంటనే ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. మళ్లీ ఫోన్ చేయకుండా ఉంటే చాలు.

వచ్చే నెల సమావేశానికి వెళ్లండి. కొమ్ముల టోపీ చూసి ఆవిడ నవ్వడం న్యాయమే, వైకింగ్‌లు అలాంటివి పెట్టుకోలేదు. ఆ కొమ్ములు 1876లో జర్మనీలో వేసిన వాగ్నర్ అనే సంగీతకర్త ఒపెరా (పాటల నాటకం) దుస్తుల నుంచి జనం మనసుల్లో పాతుకుపోయాయి. బంగాళదుంపలు ఐరోపాకి వచ్చింది 16వ శతాబ్దంలో, వైకింగ్‌ల కాలం ముగిసిన చాలా ఏళ్లకి. ఈ విమర్శలకి ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఎందుకంటే అవి పుస్తకాన్నే అన్నాయి, చదివినవాళ్లని అనలేదు. మీ అభిప్రాయాన్ని కూడా అలాగే మళ్లీ చెప్పండి. అతను చేసింది నేరమని తెలుసనీ, అయినా ఎదురుచూసిన ఘట్టం దగ్గర మనసు ఆగలేదనీ. వీలైతే మెల్‌కోర్కా కథ కూడా చెప్పండి. ఆ ముక్కు మీద గుద్దు వదినగారికి బాగా నచ్చుతుందని నా అంచనా.