షట్టర్‌కు మోటార్ పెట్టించే ముందు రిమోట్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మా దుకాణానికి ఇనుప రోలింగ్ షట్టర్ ఉంది. రోజూ చేత్తో ఎత్తి దించడం కష్టమవుతోంది. రిమోట్ మోటార్ పెట్టిస్తే సుఖంతో పాటు భద్రత కూడా పెరుగుతుందా? లేక చేత్తో ఎత్తేదే మేలా?

జవాబు: ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. మోటార్ ఎంత బరువు లాగుతుంది, ఎన్నేళ్లు మన్నుతుంది అనే అడుగుతున్నారు. రిమోట్ గురించి ఎవరూ అడగడం లేదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

మోటార్ కావాలా వద్దా అన్నది తేలిగ్గానే తేలుతుంది. చిన్న షట్టర్, రోజుకు రెండు సార్లే పని అయితే చేత్తో ఎత్తేదే చాలు. ఈమధ్యే బరువెక్కినట్టు అనిపిస్తే ముందు మెకానిక్‌కు స్ప్రింగ్ చూపించి, పక్క గైడ్లు శుభ్రం చేయించండి. స్ప్రింగ్‌ను మాత్రం మీరు ముట్టుకోవద్దు, బిగువు మీద ఉన్నది విడిపోతే చెయ్యి విరుగుతుంది. వెడల్పాటి షట్టర్‌కు చైన్ లాగి తిప్పే గేర్ ఉంది. రోజుకు పదిసార్లు ఎత్తి దించాల్సి వచ్చినా, భుజం, నడుము సహకరించకపోయినా మోటార్ పెట్టించుకోండి.

ఇక భద్రత. చేత్తో దించే షట్టర్‌కు కింద రెండు వైపులా తాళాలు వేస్తాం. మోటార్ వచ్చాక వాటిని మానేస్తాం. తాళం వేసి ఉందన్న సంగతి మోటార్‌కు తెలియదు కదా, మరచిపోయి రిమోట్ నొక్కితే బలంగా పైకి లాగేస్తుంది, పట్టీలు వంగిపోతాయి. ఒకసారి అలా జరిగిందంటే ఇక ఎవరూ తాళం జోలికి వెళ్లరు. అప్పటి నుంచి ఆ షట్టర్‌కు ఉన్న అసలు తాళం రిమోట్ పంపే కోడ్ ఒక్కటే.

ఆ కోడ్ ఎలాంటిదో చూడండి. చవక రిమోట్లు చాలావరకు ఫిక్స్‌డ్ కోడ్‌వి. ఎన్నిసార్లు నొక్కినా అదే సంకేతం గాలిలోకి వెళ్తుంది. దగ్గర్లో ఎవరైనా దాన్ని ఒక్కసారి రికార్డు చేసుకుంటే, మీరు ఇంటికి వెళ్లాక అదే సంకేతాన్ని మళ్లీ పంపి షట్టర్ ఎత్తేయవచ్చు. తాళం పగలదు, పగలగొట్టే చప్పుడూ ఉండదు, పొద్దున మీరు చూసేసరికి ఆనవాలు కూడా ఉండదు. పాత రకం రిమోట్ విప్పితే వరసగా 12 బుల్లి స్విచ్‌లు కనిపిస్తాయి. వాటితో వచ్చే కోడ్‌లు 4,096 మాత్రమే. 2015లో సామీ కామ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు పిల్లలు ఆడుకునే ఓ పరికరాన్ని మార్చి, కోడ్‌లన్నీ వరసగా పంపి ఇలాంటి ఫిక్స్‌డ్ కోడ్ గ్యారేజీ తలుపులను 10 సెకన్లలోపే తెరవవచ్చని చూపించాడు. అయినా అదే రకం ఇప్పటికీ కొత్త మోటార్లతో వస్తూనే ఉంది!

అందుకే రోలింగ్ కోడ్ రిమోట్ అడగండి. అందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, వాడేసిన కోడ్‌ను రిసీవర్ (మోటార్ వైపు సంకేతం అందుకునే భాగం) మళ్లీ ఒప్పుకోదు. దీన్నీ ఏమార్చే పద్ధతులు ఉన్నాయి. అయితే అవి సంకేతాన్ని ఊరికే రికార్డు చేసుకున్నంత తేలిక కాదు. డబ్బా మీద ‘లెర్నింగ్ కోడ్’ అని ఉంటే అదే రోలింగ్ కోడ్ అనుకోవద్దు. కొత్త రిమోట్‌ను రిసీవర్ గుర్తు పెట్టుకుంటుందని మాత్రమే దానికి అర్థం, కోడ్ మారుతుందని కాదు. అమర్చేవాళ్లు మీ రిమోట్‌ను ఇంకో ఖాళీ రిమోట్ పక్కన పెట్టి, బటన్ నొక్కి, కొద్ది సెకన్లలో నకలు తీసి ఇచ్చారంటే, అదీ షట్టర్ దగ్గర పనిచేస్తూ ఉందంటే, అది దాదాపుగా ఫిక్స్‌డ్ కోడే. ‘చూశారా, ఎంత సులువో’ అని వాళ్లు చూపిస్తుంటే మనం సంతోషించడం నాకు అస్సలు అర్థం కాదు. మీకు సులువైనది దొంగకూ సులువే.

తయారీదారుల మీద నా కోపం ఇక్కడే. మోటార్ ఎన్ని కిలోలు లాగుతుందో పెద్ద అక్షరాలతో వేస్తారు. కోడ్ మారుతుందో లేదో మాత్రం చాలా డబ్బాల మీద ఉండదు, మాన్యువల్‌లోనూ ఉండదు. తాళం అమ్ముతూ దానికి ఎన్ని తాళంచెవులు పడతాయో దాచిపెట్టడం లాంటిది ఇది. పైగా ఇప్పుడు ఫోన్‌తో నడిపే వైఫై మాడ్యూల్ కూడా తగిలిస్తున్నారు. కళ్లముందు లేని షట్టర్‌ను ఫోన్‌లో దించితే కింద పిల్లలున్నారో, సామానుందో ఎవరు చూస్తారు? అడ్డం తగిలితే ఆగే సెన్సార్ లేకుండా ఆ సౌకర్యం వాడొద్దు.

ఇప్పటికే ఫిక్స్‌డ్ కోడ్ ఉన్నవాళ్లు మోటార్ మార్చక్కర్లేదు. చాలా మోటార్లకు రిసీవర్, రిమోట్ మారిస్తే సరిపోతుంది. కింది తాళాలు మళ్లీ వాడండి. తాళం వేసి ఉన్నప్పుడు మోటార్‌కు కరెంటు అందకుండా ఆపే చిన్న స్విచ్ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకుంటే పట్టీలు వంగే భయం ఉండదు. రిమోట్ పోయినా, రిమోట్ ఉన్న ఉద్యోగి మానేసినా రిసీవర్ మెమరీ మొత్తం చెరిపేసి, మిగిలిన రిమోట్లను మళ్లీ కలపండి. ఈ పని రేపటికి వాయిదా వేయొద్దు.

కొనేముందు కరెంటు పోతే ఏం చేయాలో అమర్చేవాళ్లను చేసి చూపించమనండి. చేత్తో లాగే చైన్ గానీ తిప్పే హ్యాండిల్ గానీ లోపలి నుంచి అందాలి. కరెంటు లేనప్పుడు షట్టర్ ఎత్తడానికి మోటార్ బ్రేక్ వదిలే పెట్టె బయట పెడితే దానికి గట్టి తాళం ఉండాలి. షట్టర్ తప్ప మరో దారి లేని గదికి, లోపలి నుంచి చేత్తో ఎత్తే వీలులేని మోటార్ పెట్టించవద్దు.