తోక చూసి పని చెప్పండి: ఎంజైమ్ పేర్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సార్, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు బీఎస్సీ బయోకెమిస్ట్రీలో చేరాను. ఎంజైమ్ పేర్లు చూస్తేనే భయమేస్తాంది. కైనేజ్, ఫాస్ఫటేజ్, ఫాస్ఫోరిలేజ్ అన్నీ ఒకే మాదిరి ఉండాయి, బట్టీ పట్టినా కలిసిపోతున్నాయి. ఎట్ట గుర్తుపెట్టుకోవాలి?
(ఒక విద్యార్థిని, కావలి)

జవాబు: బట్టీ మానెయ్ తల్లీ. ఎంజైమ్ అంటే కణాల్లో రసాయన మార్పుల్ని వేగంగా జరిపించే ప్రొటీన్. ఆ పేర్లు చూడంగానే పని తెలియాలనే అట్ట పెట్టారు. పేరుని వెనక నుంచి చదువు, చివరి ముక్క అది చేసే పని, ముందుండేది ఏ పదార్థం మీద చేస్తుందో అది, దాన్నే సబ్‌స్ట్రేట్ అంటారు. యూరియేజ్ యూరియాని విడగొడుతుంది, లైపేజ్ కొవ్వుని విడగొడుతుంది, అంతే.

నువ్వడిగిన మూడూ ఫాస్ఫేట్ చుట్టూ తిరిగేవే, అందుకే తికమక. కైనేజ్ ఏటీపీ (కణంలో శక్తిని మోసే, మూడు ఫాస్ఫేట్లుండే అణువు) దగ్గర ఫాస్ఫేట్ తీసుకుని ఇంకోదానికి తగిలిస్తుంది, హెక్సోకైనేజ్ గ్లూకోజ్‌కి తగిలించేది అట్టనే. ఫాస్ఫటేజ్ నీళ్ళ సాయంతో ఆ తగిలించిన ఫాస్ఫేట్‌ని ఊడదీస్తుంది. ఫాస్ఫోరిలేజ్‌కి ఏటీపీతో పనిలేదు, నీళ్ళతో కాకుండా విడిగా ఉండే ఫాస్ఫేట్‌తోనే బంధాన్ని తెంపుద్ది, గ్లైకోజెన్ (ఒంట్లో గ్లూకోజ్ నిల్వ) నుంచి గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ వచ్చేది దీనివల్లే. ఒకటి తగిలించేది, ఒకటి తీసేది, ఒకటి ఫాస్ఫేట్‌తో తెంపేది, ఈ మూడు రియాక్షన్లూ ఒక కాయితం మీద పక్కపక్కన రాసుకో, ఇంక కలవవు. అన్నట్టు ఏటీపీ అని రాసినప్పుడల్లా ఒకాయన్ని తలుచుకో, 1929లో దాన్ని కండరంలో గుర్తించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, ఈ సంగతి ప్రతి క్లాసులో చెప్పాలని నా కోరిక.

ఇట్టాంటిదే ఇంకో గుంపు ఉంది. డీహైడ్రోజినేజ్ హైడ్రోజన్‌ని తీసి ఎక్కువగా ఎన్‌ఏడీ లాంటి కోఎంజైమ్‌కి (ఎంజైమ్‌కి సాయపడే చిన్న అణువుకి) ఇస్తుంది, ఆక్సిడేజ్ అయితే నేరుగా ఆక్సిజన్‌కే ఇచ్చేస్తుంది, ఆక్సిజనేజ్ ఆక్సిజన్‌ని తీసుకొచ్చి సబ్‌స్ట్రేట్‌లోనే కలిపేస్తుంది. పేపర్లో తేడా అడిగేది ఇక్కడే.

ఇప్పుడు మంచి పిల్లలు కూడా తడబడే చోటు చెప్తా. పైరువేట్ కైనేజ్ అంటే పైరువేట్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుందనుకుంటావు గదా, మన కణంలో జరిగేది దానికి రివర్స్, ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ నుంచి ఫాస్ఫేట్ తీసి ఏడీపీకి (ఒక ఫాస్ఫేట్ తక్కువున్న ఏటీపీకి) ఇచ్చి ఏటీపీ చేస్తుంది, పైరువేట్ మిగులుద్ది. పేరేమో ఎదురు దిక్కు నుంచి పెట్టారు. కాబట్టి పేరు చదివాక రియాక్షన్ ఎటు నడుస్తుందో బాణం గుర్తు కూడా చూసుకో.

పెప్సిన్, ట్రిప్సిన్‌లకి ఏజ్ అనే తోక లేదేంది అంటావేమో, అవి ఈ పద్ధతి స్థిరపడకముందు పేర్లు, పెప్సిన్‌కి 1836లోనే పేరు పెట్టేశారు. ఇష్టమొచ్చిన పేర్లు ఎక్కువైపోతే 1961లో ఎంజైమ్ కమిషన్ అన్నిటినీ చేసే పనిని బట్టి ఆరు క్లాసులు చేసి నంబర్లిచ్చింది, 2018లో ఏడోదిగా ట్రాన్స్‌లొకేజెస్ కలిపారు. పాత పుస్తకంలో ఆరే ఉంటే ఏడోది పెన్నుతో రాసుకో.

ప్రశ్న: అన్నా, మాది కొత్తపట్నం పక్క, వనామీ రొయ్యల చెరువులు. పట్టుబడి అయ్యాక ఐస్ తక్కువ పడితే రొయ్య తలకాడ నల్లబడతాది, రేటు కోసేస్తారు. అడిగితే ఎంజైమ్ వల్ల అంటున్నారు. చచ్చిన రొయ్యలో ఎంజైమ్ ఎట్టా పనిచేస్తది?
(ఒక రైతు, ప్రకాశం జిల్లా)

జవాబు: చాలా మంచి ప్రశ్న అన్నా. ఎంజైమ్‌కి ప్రాణం ఉండదు, అది ఒక ప్రొటీన్ అంతే, దాని ఆకారం చెడకుండా ఉన్నంతసేపూ, సబ్‌స్ట్రేట్ దొరికినంతసేపూ పనిచేస్తానే ఉంటది, రొయ్య బతికుందా చచ్చిందా దానికి అనవసరం. దీని పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. పైన ఆ అమ్మాయికి చెప్పినట్టే చదవండి, ఫినాల్స్ అనే పదార్థాల మీద ఆక్సిజన్‌తో పనిచేసేది. రొయ్య బతికున్నప్పుడు దెబ్బ తగిలినచోట, పెంకు గట్టిపడేచోట దానికిది కావాల్సిందే. చచ్చాక గాలి తగిలితే అదే ఎంజైమ్ ఫినాల్స్‌ని క్వినోన్లుగా మారుస్తది, అవి ఒకదానికొకటి అతుక్కుని మెలనిన్ అనే నల్ల రంగవుద్ది. తలలో ఈ ఎంజైమ్ ఎక్కువ, అందుకే ముందు అక్కడే నలుపు.

ఐస్ దీన్ని నిదానం చేస్తది, చంపదు. కరిగిందంటే మళ్ళీ మొదలు. ఉడకబెడితే మాత్రం ప్రొటీన్ మడతలు విడిపోయి ఆకారం పోతది, దాన్నే డీనేచర్ అంటారు, ఇంక తిరిగిరాదు. కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడేది కూడా ఇదే సంగతి. నలుపు రాకుండా మీరు వాడే మెటాబైసల్ఫైట్ పొడి ఏం చేస్తదంటే ఎంజైమ్‌ని ఆపుతది, ఏర్పడిన క్వినోన్లని కూడా వెనక్కి మారుస్తది, ఇట్ట అడ్డుపడేదాన్ని ఇన్‌హిబిటర్ అంటారు. అట్టని గుప్పిళ్ళతో పొయ్యొద్దు అన్నా. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం పచ్చి రొయ్య కండలో కేజీకి 100 మిల్లీగ్రాములు, ఉడికించినదాంట్లో 30 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడే పరిమితి. ఆ పొడి కలిపేటప్పుడు వచ్చే ఈ సల్ఫర్ డయాక్సైడ్ వాయువు ఆస్తమా ఉన్న కూలీలకి చాలా ప్రమాదం, ఈ మాట మీ పట్టుబడి గ్యాంగ్‌కి తప్పకుండా చెప్పండి, గాలాడే చోట కలిపించండి.

ప్రశ్న: మా నాన్నగారి బ్లడ్ రిపోర్టులో పోయినసారి ఎస్‌జీపీటీ అని ఉంది, ఈసారి వేరే ల్యాబ్‌లో ఏఎల్‌టీ అని ఉంది. రెండూ వేర్వేరు టెస్టులా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: రెండూ ఒకటేనండి. పాత పేరు ఎస్‌జీపీటీ, కొత్త పేరు ఏఎల్‌టీ, అంటే అలనిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్, అలనిన్ నుంచి అమైనో గ్రూపుని ఇంకోదానికి మార్చేది. ఎస్‌జీఓటీ, ఏఎస్‌టీ కూడా అట్టనే ఒకటే. ఈ ఎంజైమ్‌లు ఉండాల్సింది కణాల్లోపల, కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారతాయి, అందుకే అంకె పెరుగుద్ది. ఏఎల్‌టీ ఎక్కువగా లివర్లో ఉంటది, ఏఎస్‌టీ గుండెలో, కండరాల్లో కూడా ఉంటది, అందుకని ఏఎస్‌టీ ఒక్కటే పెరిగితే లివర్ అనేసుకోవద్దు. రెండు ల్యాబ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి కంగారుపడకండి, ఏ రిపోర్టుకి ఆ రిపోర్టులో రాసిన నార్మల్ రేంజే చూడాలి, రెండు కాయితాలూ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించండి.