అరికాలి మంటకు మందు వేసే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

మీ నాన్నకు సాయంత్రమయ్యేసరికి కుడి అరికాలు మంటలెత్తిపోతోందనీ, రాత్రి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు మీ ఇంటి చుట్టూనే తిరుగుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిన నరాల ఇంజెక్షన్లూ, నొప్పి మాత్రలూ అయిపోయినా గుణం కనిపించలేదన్నావు. ఉద్యోగకాలమంతా ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా గడిపినదాన్ని కనుక, తెలిసిన సంగతులన్నీ కాగితం మీద పెడితే నీకూ, మీరు కలవబోయే డాక్టరుకూ పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో పాదం మంట అనగానే ఒకరు వాతమంటారు, ఒకరు వేడి చేసిందంటారు, మరొకరు నరాల బలహీనత అని తేల్చేస్తారు. మంట పాదంలో సరిగ్గా ఎక్కడ పుడుతోంది, ఏ వేళ హెచ్చుతోంది, ఒక కాలికే ఉందా రెండు కాళ్లకూ ఉందా అన్న మూడు సంగతులు తేలేదాకా ఏ మందు వేసినా అది ఊహతో చేసే వైద్యమే అవుతుంది. అందుకని ముందు ఒక పని చెయ్యి. పాత వార్తాపత్రిక నేల మీద పరిచి, మీ నాన్నను దాని మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్నుతో గీత గియ్యి. ఆ బొమ్మ మీద మంట ఉన్నచోట ఎర్ర గీతలు, తిమ్మిరి ఉన్నచోట నల్ల గీతలు ఆయన చేతే గీయించు. పాదం పైభాగానికి వేరే బొమ్మ వేయించు. పక్కన వేళలు రాయి. ఎంత చదువుకున్న రోగి అయినా డాక్టరు ముందు కూర్చోగానే "కాలంతా నొప్పండీ" అంటాడు. ఈ కాగితం ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

నరం నొప్పి కండరం నొప్పిలాగా, ఎముక నొప్పిలాగా ఉండదు. మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, చీమలు పాకినట్టు ఉండటం, ఉన్నట్టుండి షాకు కొట్టినట్టు జివ్వుమనడం, ఆ పక్కనే కొంత మేర మొద్దుబారడం దాని లక్షణాలు. కదలకుండా పడుకున్నా అది వదలదు, చాలామందికి రాత్రిపూటే ఎక్కువవుతుంది. బెణుకు నొప్పి అడుగు వేసినప్పుడు కలుక్కుమని, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది.

మీ నాన్నకు ఒక్క కాలికే మంట, అదీ అరికాలిలో బొటనవేలి వైపు, రోజంతా నిలబడ్డాక హెచ్చుతోందన్నావు కనుక మొదట చూడవలసింది చీలమండ లోపలి వైపు. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్న ఎముకకూ మడమ వెనక ఉండే లావు తాడులాంటి పట్టీకీ మధ్య ఒక పల్లం ఉంటుంది. ఆ పల్లంలో రెండు వేళ్లు మెత్తగా ఆనిస్తే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ఆ రక్తనాళం వెనకనే, దాన్ని ఆనుకుని, టిబియల్ నరం అరికాలికి దిగుతుంది. పైన గట్టి పొర ఒకటి కప్పు వేసినట్టు ఉండటం వల్ల ఆ దారి ఇరుకు. దాన్నే టార్సల్ టనెల్ అంటారు. నరం అక్కడ నలిగితే, తూము దగ్గర పూడిక పడినప్పుడు శివారు పొలాలు ఎండినట్టు, బాధ నలిగినచోట కాక అరికాలిలోనూ వేళ్లలోనూ కనిపిస్తుంది. అందుకే మంట ఉన్నచోట ఎంత తైలం రుద్దినా మూలానికి చేరదు.

నాడి తగిలిన చోటికి కాస్త వెనకగా వేలి కొసతో మెల్లగా, వరసగా తట్టి చూడు. జివ్వుమని అరికాలిలోకో వేళ్లలోకో పాకితే నరం అక్కడ చికాకు పడుతోందన్నమాట. 1915లో ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ వర్ణించిన పరీక్ష ఇదే. రెండో కాలికి కూడా తట్టి పోల్చి చూడాలి. ఆ తర్వాత పాదాన్ని పైకి, బయటి వైపుకు వంచి కొద్ది క్షణాలు పట్టుకుంటే మంట పెరుగుతుందేమో గమనించు. ఈ రెండూ అనుమానానికి బలమిస్తాయే కానీ రోగాన్ని రూఢి చేయవు. తట్టినప్పుడు ఏమీ కాకపోయినంత మాత్రాన లేదనీ అనుకోకూడదు.

అక్కడ ఎందుకు ఇరుకవుతుందన్నది కూడా వెతకాలి. పాత బెణుకు, విరిగి అతికిన ఎముక, చిన్న నీటితిత్తిలాంటి గడ్డ, ఉబ్బిన సిరలు, థైరాయిడ్ తక్కువ కావడం, మన ప్రాంతంలో ఇప్పటికీ కనిపించే బోదకాలు వాపు, ఇవన్నీ కారణాలు కావచ్చు. పాదం వంపు చదునుగా ఉన్నవారిలోనూ నరం సాగి నలుగుతుంది. తడి పాదంతో గచ్చు మీద ఒక అడుగు వేయించు. లోపలి వైపు వంపు దగ్గర ఖాళీ లేకుండా అరికాలు మొత్తం అచ్చు పడితే ఆ సంగతి కాగితం మీద రాసుకో. కొన్నేళ్ల క్రితం పడవల రేవులో జారి ఆయన చీలమండ బెణికించుకున్న మాట కూడా డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

దీనికి దగ్గరగా కనిపించే బాధలు కొన్ని ఉన్నాయి. పొద్దున్నే మంచం దిగి వేసిన మొదటి అడుగుకే మడమ కింద పోటు వచ్చి, నాలుగడుగులు నడిచాక తగ్గితే అది చాలావరకు అరికాలి పట్టీ వాపు, నరానిది కాదు. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య, చెప్పులో గులకరాయి ఉన్నట్టు నొప్పి వచ్చి, చెప్పు విడిచి రుద్దుకుంటే హాయిగా ఉంటే మోర్టన్ న్యూరోమా, అంటే వేళ్ల మధ్య నరం లావెక్కడం, అనుకోవచ్చు. ముందు భాగం ఇరుకైన బూట్లు మానితే సగం నెమ్మదిస్తుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య చర్మం మొద్దుబారితే పాదం పైన బూటు తాడో, చెప్పు పట్టీయో నరాన్ని నొక్కుతోందేమో చూడాలి.

కడియం నర్సరీల్లో పనిచేసేవారికి ఇంకొక ప్రమాదం ఉంది. దీని మీద ఎవరూ తగినంత దృష్టి పెట్టరని నా అభిప్రాయం. గొంతుకూర్చుని గంటల తరబడి కలుపు తీసినా, కుండీలు సర్దినా, మోకాలి బయటి వైపు కాస్త దిగువన ఎముక చుట్టూ తిరిగే నరం నొక్కుకుపోతుంది. పాదం పైభాగం మొద్దుబారి, ముందరి పాదం పైకి లేవక, నడిచేటప్పుడు వేళ్లు నేలకు తగులుతాయి. మీ నాన్నను మడమల మీద నాలుగడుగులు నడవమను. అలా నడవలేకపోతే ఆలస్యం చేయకూడదు. నడవగలిగినా సరే, గొంతుకూర్చునే పనికి ఒక ఎత్తు పీట చేయించు. మీ దగ్గర పనికి వచ్చే ఆడవాళ్లకూ ఆ పీటలే ఇప్పించు.

రెండు పాదాలకూ సమానంగా, వేళ్ల నుంచి మొదలై మేజోడు తొడిగినంత మేర పైకి పాకే మంటలైతే అనుమానం వేరే దారిన సాగాలి. అందులో మొదటిది చక్కెర వ్యాధి. మీ నాన్నకు సరిహద్దులో ఉందని ఎప్పుడో అన్నారు కనుక ఖాళీ కడుపుతో రక్తపరీక్ష, దానితోపాటు గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ చేయించు. మొదటిది 126 మిల్లీగ్రాములు, రెండోది 6.5 శాతం, లేదా అంతకు మించి ఉంటే చక్కెర వ్యాధి కిందే లెక్క. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మాత్ర వాడేవారిలో, పాలు కూడా ముట్టని శాకాహారుల్లో, మద్యం అలవాటున్నవారిలో బీ12 విటమిను తగ్గి ఇవే మంటలు వస్తాయి. లోపం ఉన్నప్పుడు బీ12 ఇంజెక్షను మంచి మందు. నరం నలిగినప్పుడు అది ఎన్ని చేసినా ఆ ఒత్తిడిని తీయలేదు. చక్కెర ఉన్న పాదంలో మంట కన్నా నాకు భయం కలిగించేది స్పర్శ పోవడం. మీ నాన్న కళ్లు మూసుకోగానే దూది పోగుతో వేళ్ల కొసలు, అరికాలు తాకి, ఎక్కడ తాకావో చెప్పమను. ఆసుపత్రిలో 10 గ్రాముల బరువుకు వంగే నైలాను తీగతో ఇదే పరీక్ష చేస్తారు. స్పర్శ తగ్గినవారు వేడినీళ్ల కాపడం పెట్టకూడదు, చేను గట్టు మీద అయినా వట్టికాళ్లతో నడవకూడదు, రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి.

చర్మం మీద రంగు తగ్గిన, స్పర్శలేని మచ్చలు ఉన్నాయేమో వీపు వరకూ వెతుకు. కుష్ఠు ఈ నరాలనే లావెక్కించి దెబ్బతీస్తుంది. ఈ మాట ఎత్తడానికి ఇంట్లో వాళ్లు జంకుతారు, కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. జంకి ఆలస్యం చేస్తే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. నడుము నుంచి పిక్క మీదుగా నొప్పి దిగుతూ దగ్గినప్పుడు హెచ్చితే మూలం వెన్నులో ఉంటుంది. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, పాదం చల్లగా ఉంటే అది రక్తప్రసరణ సంగతి, ముఖ్యంగా పొగతాగేవారిలో.

ఇక వైద్యం. నరం నలిగిందని తేలితే మొదటి మందు ఆ ఒత్తిడి తీయడమే. పలచని రబ్బరు చెప్పులు తీసేసి, వంపు దగ్గర ఎత్తు ఉండి మెత్తని అడుగు ఉన్న చెప్పులు కొను. స్పర్శ తగ్గినవారికైతే ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు అడుగున్న చెప్పులు మంచివి. కొన్ని వారాలు ఎక్కువసేపు నిలబడే పని తగ్గించి, సాయంత్రం కాలు దిండు మీద ఎత్తిపెట్టి ఉంచాలి. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు అంటించి, పిక్కను అర నిమిషం సాగదీసే వ్యాయామం రోజుకు కొన్నిసార్లు చేయించు. కుర్చీలో కూర్చుని మోకాలు చాపుతూ పాదాన్ని పైకి లాగి, వెంటనే వదిలే కదలిక నరం జారడానికి పనికొస్తుంది. దాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకోవాలి. తిమ్మిరి పెరిగితే ఆపాలి.

మామూలు నొప్పి మాత్రలు నరం మంటకు పెద్దగా పనిచేయవు. రోజూ మింగితే కడుపులో పుండు, మూత్రపిండాలకు చేటు మాత్రం రావచ్చు. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్ అనేవి ఈ మంటకు వాడే మందులు. డాక్టరు తక్కువ మోతాదుతో, సాధారణంగా రాత్రిపూట మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు. పూర్తి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక మూడో రోజుకే పనిచేయలేదని మానెయ్యకూడదు, మానేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకూడదు. మత్తు వస్తుంది, ఆ మందు మొదలైన వారం మీ నాన్నను మోటారు సైకిలు ఎక్కనివ్వకు. గుండె జబ్బు, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా, మూత్రం అడ్డుపడటం ఉంటే అమిట్రిప్టిలిన్ రాసే ముందే డాక్టరుకు చెప్పాలి.

అప్పటికీ తగ్గకపోతే నరంలో సంకేతాలు ఎంత వేగంగా సాగుతున్నాయో చూసే నరాల ప్రసరణ పరీక్ష, స్కానింగు చేయిస్తారు. స్టెరాయిడ్ ఇంజెక్షను సరైన చోట, సరైన చేతిలో ఒకటి రెండుసార్లు మేలు చేస్తుంది. ఊళ్లో ఎవరు పడితే వారు మడమలో గుచ్చేందుకు మాత్రం ఒప్పుకోకు. గడ్డలాంటి స్పష్టమైన కారణం కనిపించినవారికి శస్త్రచికిత్స ఫలితం బాగుంటుంది, కారణం తెలియని వారికి అంత నమ్మకంగా చెప్పలేం. ఒత్తిడి తీసినా దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది, కనుక నెలల ఓపిక కావాలి.

పాదం హఠాత్తుగా లేవకపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, పాదం ఎర్రబడి జ్వరం వచ్చినా, మానని పుండు కనిపించినా ఈ ఉత్తరంలోని మాటలేవీ చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు. అంతవరకూ రాకపోతే ఈ వారంలో రక్తపరీక్షలు చేయించి, పాదాల బొమ్మ, వాడిన మందుల చీటీలన్నీ కలిపి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆయన రోజూ వేసుకునే చెప్పులతోనే తీసుకెళ్లు. అడుగు ఏ వైపు అరిగిందో డాక్టరు చూడాలి. పరీక్షల కాగితాలు రాగానే ఫోటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ మేనత్త