జనవరి చలిలో కోపెన్‌హాగన్: పెద్దవాళ్ళతో వస్తే ముందు పామ్ హౌస్‌కే వెళ్ళండి

జనవరిలో మీ అత్తగారిని, మామగారిని తీసుకుని మూడు రోజులు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ వస్తున్నామని, ఇద్దరికీ మొక్కలంటే ప్రాణమని, ఆ చలిలో తోటలు చూడటం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుందండి. నేను నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. పోయిన జనవరిలో మా అమ్మ వచ్చినప్పుడు నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను.

మొదటి రోజే అమ్మను కోంగెన్స్ హేవెకి తీసుకెళ్ళాను. రోసెన్‌బోర్గ్ కోట చుట్టూ ఉన్న రాజుగారి తోట అది. నాలుగో క్రిస్టియన్ అనే పేరున్న రాజు 1606లో మొదలుపెట్టించాడు. టికెట్ లేదు. వేసవిలో సగం ఊరు అక్కడి గడ్డి మీదే ఉంటుంది. జనవరిలో మాత్రం ఆకు లేని చెట్లు, బోసిపోయిన మడులు, ముఖం కోసే గాలి. అమ్మ పాపం ఏమీ అనలేదు. అరగంట నడిచాక "ఏరా, ఇంకా ఎంత దూరం?" అంది. ఆ రాత్రి మోకాళ్ళకి మందు రాస్తుంటే నాకు చాలా బాధేసింది. చలికాలంలో బయటి తోటల్లో పెద్దవాళ్ళని నడిపించకండి.

మర్నాడు ఆ తోటకి రోడ్డు అవతలే ఉన్న బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాం. నోరెపోర్ట్ స్టేషన్‌లో దిగితే దగ్గరే. తోటలోకి టికెట్ లేదు, లోపలున్న పామ్ హౌస్‌కి మాత్రం ఉంది. పాత ఊరి కోట కట్టల మీద వేసిన తోట ఇది. చెరువులా కనిపించేది ఒకప్పటి కందకం. పామ్ హౌస్ అంటే ఇనుముతో, గాజుతో కట్టిన పెద్ద మేడలాంటి ఇల్లు, 1874 నాటిది. కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పెట్టిన జె.సి. జాకబ్‌సెన్ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం మీద ముచ్చటపడి, ఇలాంటిది తన ఊళ్ళోనూ ఉండాలని డబ్బిచ్చి వెనక నిలబడ్డాడు.

తలుపు దాటగానే అమ్మ కళ్ళజోడు తెల్లగా ఆవిరి పట్టేసింది. కోటు కింద నుంచి కొంగు లాగి తుడుచుకుంది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచింది. ఇక లాభం లేదని తీసి చేత్తో పట్టుకుంది. చూపు ఆనకపోయినా వాసన ముందే తెలిసిపోయింది. "పెరట్లో నూతి దగ్గర నిలబడ్డట్టుందిరా" అంది. తడి మట్టి, నానిన ఆకులు, వెచ్చటి చెమ్మ. అరటి చెట్టు దగ్గరికి వచ్చేసరికి కదల్లేదు. ఇంకా విచ్చుకోని మొవ్వాకుని, చుట్టి నిలబెట్టిన చాపలా ఉన్నదాన్ని, కింద నుంచి పైదాకా చూసి, తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయట మైనస్ మూడు డిగ్రీలు. నేను ఇక్కడికొచ్చాక అమ్మ ముఖంలో అంత తేట ఎప్పుడూ చూడలేదు.

మధ్య గుమ్మటం 16 మీటర్ల ఎత్తు. గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లెక్కితే పైన చుట్టూ నడవొచ్చు, తాటి జాతి చెట్ల తలలు కాళ్ళ కింద కనబడతాయి. మెట్లు ఇరుకు, పైన ఉక్క కూడా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులుంటే కిందే ఉండనివ్వండి, మీరు వెళ్ళి ఫోటోలు తీసి చూపించండి.

అమ్మ అక్కడ కరివేపాకు కోసం వెతికింది. మాకు కనబడలేదు గానీ, రాత్రి ఇంటికొచ్చి ఒక సంగతి చెప్పాను. కరివేపాకు శాస్త్రీయ నామం మురయా కోయెనిగి. అందులోని కోయెనిగ్, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు. తమిళనాడులో అప్పట్లో డెన్మార్క్ వాళ్ళ స్థావరమైన తరంగంబాడికి 1768లో వైద్యుడిగా వచ్చి, దక్షిణాదిలో మొక్కలు సేకరిస్తూ తిరిగాడు. 1785లో చనిపోయింది మన కాకినాడ జగన్నాథపురంలోనే. మా అమ్మది పిఠాపురం. "ఇన్నేళ్ళు తాలింపులో వేశాను, ఆ పేరు ఎవరిదో తెలీదు" అని, ఫోన్‌లో మా పిన్నికి కూడా చెప్పింది.

రెండో రోజుకి గ్లిప్టోటెక్ పెట్టుకోండి. అది శిల్పాల మ్యూజియం, జాకబ్‌సెన్ కొడుకు కార్ల్ పెట్టింది. మధ్యలో గాజు గుమ్మటం కింద తాటి చెట్లతో వింటర్ గార్డెన్ ఉంది. మొక్కల కోసం వచ్చిన జనం శిల్పాల వైపు కూడా ఓ చూపు వేస్తారని ఆయన ఆశ. అక్కడ నీళ్ళ మధ్య పడుకున్న తల్లి పాలరాతి విగ్రహం ఉంటుంది, ఒంటి నిండా పాకే పసిపిల్లలతో. కై నీల్సన్ చెక్కింది. పెద్దవాళ్ళు తీరిగ్గా కూర్చోవడానికి ఊళ్ళో ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. సోమవారం సెలవు, చూసుకోండి.

ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే రోజు టైమ్ ఉంటే బ్లూ ప్లానెట్ అక్వేరియం. 2013లో సముద్రం ఒడ్డున సుడిగుండం ఆకారంలో కట్టారు. పెద్ద తొట్టిలో 40 లక్షల లీటర్ల నీళ్ళు, సుత్తి తల సొరచేపలు. నాకు మాత్రం అమెజాన్ గదే ఎక్కువ నచ్చింది, అక్కడా వెచ్చగా, పచ్చగా ఉంటుంది. మెట్రోలో కాస్ట్రుప్ స్టేషన్‌లో దిగి నడవాలి. గాలి గట్టిగా కొడుతుంది, మఫ్లర్లు తీయొద్దు.

ఒక్క రోజులో రెండు చోట్లు పెట్టుకోకండి. జనవరి మొదట్లో నాలుగు లోపే పొద్దు గూకుతుంది, గాజు ఇళ్ళ అందమంతా ఎండలోనే. పదిన్నర, పదకొండుకల్లా లోపల ఉండేలా చూసుకోండి, పామ్ హౌస్ వేళలు బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూడండి. లావు స్వెట్టర్ ఒక్కటే కాకుండా పల్చటివి రెండు మూడు వేయించండి, లోపల ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. కళ్ళజోడు తుడవడానికి పొడి నూలు గుడ్డ ఒకటి మీ మామగారి జేబులో పెట్టండి.