నదిలో ఇసుకను మళ్లించే పలకల అడుగున ఇసుక కోసుకుపోకుండా పెద్ద బండలు పోస్తే చాలదా?

చాలదు. కింద జల్లి పరవకుండా ఎంత పెద్ద బండ వేసినా ఇసుకలోకి దిగిపోతుంది. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున మాకు చేను ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరు అడిగిన పలకలు, అదే ఏటి అడుగున నిలువుగా నాటేవి, 1980లలో అమెరికాలోని అయోవాలో ఒడ్గార్డ్, కెనెడీ అనే ఇంజినీర్లు వాడుకలోకి తెచ్చినవి, మా ఏట్లో లేవు. గట్టు కోసుకుపోకుండా ఏట్లోకి కట్టిన స్పర్ గోడ ఉంది. దేనికైనా కోత తీరు ఒకటే. ఎదురొచ్చిన నీళ్లు తగిలి కిందికి దూకుతాయి, అడుగున సుడి తిరిగి ఇసుకను తోడేస్తాయి.

2021 నవంబరు వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని అందరూ టీవీల ముందు టెన్షన్ పడుతుంటే, మా చిన్నాయనకు చేను దిగులు. గోడ ముక్కు దగ్గర కాంట్రాక్టరు బండలు పోయించి ఉన్నాడు, లారీలోంచి నేరుగా ఇసుక మీదికి. వరద తీసినాక పోయి చూస్తే బండల్లేవు. విచిత్రం, గుంత కూడా లేదు! ఇసుక నున్నగా పరుచుకుని ఉంది.

"ఎవురో ఎత్తకపోయినార్రా" అన్నాడు చిన్నాయన.

గడ్డపార తీసుకుని పొడిచాను. కాస్త దూరంలో జానెడు దిగి బిగుసుకుంది. గోడ ముక్కు దగ్గర మాత్రం సర్రున దిగిపోయి, అడుగున ఎక్కడో ఠంగుమంది.

"ఈడే ఉండాయి చిన్నాయనా."

వరద ఉధృతంగా ఉన్నప్పుడు పడిన గుంతను, వరద తీసేటప్పుడు వచ్చే ఇసుకే పూడ్చేస్తుంది. ఎండాకాలంలో టేపు పట్టుకొచ్చి "కోత ఏమీ లేదే" అని రాసుకుపోయే సార్లను చూస్తే అందుకే నాకు ఒళ్లు మండుతుంది. బిల్లు మాత్రం పాసవుతుంది.

ఇక మీ పలకల సంగతి. ముందు సన్న జల్లి, పైన కంకర, ఆపైన బండలు. జల్లి బదులు జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్లను వదిలి ఇసుకను ఆపే గుడ్డ, వేసినా సరే. బండలు ఏటి మట్టానికి సమంగా ఉండాలి, పైకి పొడుచుకొస్తే అవే కొత్త సుడులు పుట్టిస్తాయి. అంచున కాసిన్ని ఎక్కువ పోస్తే, గుంత పడినప్పుడు అందులోకి దొర్లి కాపు కాస్తాయి. పలక అడుగున చుట్టూ పళ్లెంలా కాలర్ బిగించడం కూడా మంచిదే, కిందికి దూకే నీళ్లను అది అడ్డుకుంటుంది. దాన్ని ఏటి మట్టానికి ఎత్తుగా పెట్టొద్దు, కింద ఇసుక పోయి వేలాడుతుంది. పలకను ప్రవాహానికి మరీ అడ్డంగా తిప్పినా కోత పెరుగుతుంది. 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంచండి.

ఇవన్నీ చేసినా ఇసుక ట్రాక్టర్ల ముందు దిగదుడుపే. కింద రీచ్‌లో, అంటే ఇసుక తవ్వే చోట, తోడేకొద్దీ ఏటి మట్టమే దిగిపోతుంది, పునాదులు బయటపడతాయి. దానికి కాలరూ లేదు, కంకరా లేదు. మీ నదిలో ఇసుక రీచ్ ఎంత దూరంలో ఉందో రాయండి. అది తెలియకుండా పలక ఎంత లోతు నాటాలో ఎవరు చెప్పినా నమ్మొద్దు.