ఓటీడీఆర్‌లో జాయింట్ లాస్ తగ్గట్లేదా? అవతలి వైపు నుంచీ చూడండి

జేసీబీ తగిలి తెగిన ఫైబర్ కేబుల్‌కి కొత్త ముక్క వేశారు, ఒక జాయింట్ దగ్గర ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి వెలుగు పంపి లాస్ కొలిచే మిషన్) 0.31 డీబీ లాస్ చూపిస్తోంది, ఎన్నిసార్లు మళ్లీ స్ప్లైసింగ్ (ఫైబర్ చివరలు అతకడం) చేసినా తగ్గట్లేదు, అతికే మిషన్ పాడైందా అని అడిగారు. ముందు ఆ ఫైబర్‌ని కోయడం ఆపండి బ్రదర్. అవతలి చివరి నుంచి కూడా ట్రేస్ (ఓటీడీఆర్ గీసి చూపే గీత) తీయండి.

నేను కోనసీమలో ఇదే పని చేస్తాను. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసేటప్పుడు గట్టు మీద కేబుల్ తెగడం మాకు మామూలే. రాజోలు వైపు ఒక లింకులో కొత్త ముక్కకి ఇటు జాయింట్ దగ్గర గీత పైకి లేచింది, అటు జాయింట్ దగ్గర దబ్బున పడింది, అవతలి నుంచి చూస్తే సరిగ్గా తారుమారు. గీత లేస్తే అక్కడ వెలుగు పెరిగినట్టు, కానీ అతుకులో వెలుగు పుట్టదు కదా! ఓటీడీఆర్ వెనక్కి చెదిరి వచ్చే కాంతిని చూసి లాస్ లెక్కకడుతుంది. మోడ్ ఫీల్డ్ (ఫైబర్‌లో వెలుగు పరుచుకునే వెడల్పు) సన్నగా ఉన్న ఫైబర్ ఆ కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది. 1310 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర మోడ్ ఫీల్డ్ 9.2 మైక్రాన్లున్న దానికి 8.6ది అతికితే, అతుకు ఎంత బాగున్నా ఒకవైపు నుంచి సుమారు 0.29 డీబీ గెయిన్ (అంటే మైనస్ లాస్), ఇంకోవైపు నుంచి అంతే లాస్ కనిపిస్తాయి.

అందుకే ఒకే వేవ్‌లెంగ్త్‌లో రెండు వైపులా తీసి, కలిపి సగం చేయాలి. మీకు అటునుంచి మైనస్ 0.21 వచ్చిందనుకోండి, అసలు లాస్ 0.05 మాత్రమే. మైనస్ గుర్తు వదిలేసి కూడేవాళ్లున్నారు, అలా చేస్తే మంచి జాయింట్ కూడా చెడ్డదైపోతుంది. 18 కిలోమీటర్ల లింకులో ఇటునుంచి 7.2 దగ్గరున్న జాయింట్ అటునుంచి 10.8 దగ్గర కనబడుతుంది, ఏది ఏదో సరిచూసుకోండి.

లింకుకి మొదట్లో లాంచ్ కేబుల్, చివర రిసీవ్ కేబుల్ (కొలత కోసం కలిపే అదనపు ఫైబర్ ముక్కలు) రెండూ పెట్టండి, లేకపోతే చివరి కనెక్టర్ల లాస్ తెలియదు. వైపు మారేటప్పుడు వాటిని పీకొద్దు, ఓటీడీఆర్ ఒక్కటే అటు తీసుకెళ్లండి.

సగటు తీశాక కూడా లాస్ 1550 నానోమీటర్లలో ఎక్కువగా, 1310లో తక్కువగా ఉంటే అప్పుడు జాయింట్ బాక్స్ తెరవండి, ట్రేలో ఫైబర్ ఎక్కడో గట్టిగా వంగి ఉంటుంది. మొత్తం లింక్ లాస్‌కి మాత్రం లైట్ సోర్స్, పవర్ మీటర్ వాడండి, ఆ రీడింగ్ కూడా రెండు వైపులా తీస్తేనే మంచిది. ఇంజనీరుగారు ఒకవైపు ట్రేస్ చూసి రిజెక్ట్ చేస్తే వాదన పెట్టుకోకుండా రెండు ఫైళ్లూ పంపించండి.